చివరి వీధి సైలెన్సర్

మా బావ కృపావరం బండి ఎక్కేముందు వంగి, సైలెన్సర్‌ను వేలి కణుపుతో రెండుసార్లు తడతాడు. తల వంచి వింటాడు. తర్వాత చివరి వీధి వైపు చూసి, "ఇంకొంచెం ఉంది" అంటాడు. ఏం ఉందో చెప్పడు. కొందరికి పేకాట పిచ్చి, కొందరికి పదవి పిచ్చి. మా బావకు సైలెన్సర్ పిచ్చి.

బావది పాల బండి. అర్ధవీడు దగ్గర మా ఊరు. తెల్లవారుతుండగా వీధివీధినా ఆగి పాలు పోయించుకుని, రెండు క్యాన్లు కంభం పాల కేంద్రానికి చేరుస్తాడు. చప్పుడు వినగానే జనం చెంబులతో బయటికి రావాలి. రెండు నిమిషాలు ఆగుతాడు. రాకపోతే ఆ పూట పాలు ఇంట్లోనే.

ఊళ్ళో మెకానిక్ లేడు. ఉన్నా బావ బండి ముట్టుకోనివ్వడు. ఆయన సామగ్రి నాలుగు వస్తువులు. ఒక పానా. ఇనుము కోసే, పిడి లేని యాక్సా బ్లేడు, దానికి చుట్టిన పాత లుంగీ ముక్క. ఒక పెద్ద మేకు. ఒక సుత్తి. సుత్తి పక్కింటివాళ్ళది.

వీటితోనే మూడేళ్ళలో ఆ సైలెన్సర్‌ను పదకొండుసార్లు విప్పాడు. చప్పుడును అణిచే లోపలి పైపును లాగేశాడు. అది ఇప్పుడు కోళ్ళగూటికి గడియ. వెనక కొసకు ఒక స్టీలు గ్లాసు అడుగు కోసి తొడిగాడు. చప్పుడు లావైంది. రెండో గ్లాసు తొడిగాడు. ఇంకా లావైంది. మూడోదీ తొడిగాడు. మా అక్క ఝాన్సీకి పెళ్ళిలో ఆరు గ్లాసులు పెట్టాం. మూడు వంటింట్లో ఉన్నాయి. మూడు రోజూ కంభం పోయి వస్తున్నాయి.

"చుట్టాలొస్తే నీళ్ళు దేంట్లో ఇయ్యాలబ్బా?" అంది అక్క ఒకరోజు.

"సగం మందికే ఇయ్యి."

"నా ఊదుగొట్టం యాడ?"

బావ బండి వైపు చూడలేదు. చూడకపోవడంతోనే అక్కకు అర్థమైంది.

సైలెన్సర్‌ను మార్చినప్పుడల్లా చివరి వీధికి తీసుకుపోయి, అక్కడే నిలబెట్టి మోగిస్తాడు. "యాడ మోగినా ఒకటే గదా బావా?" అని అడిగాను. "అది పరీక్ష హాలు బామ్మర్దీ" అన్నాడు.

మొన్న ఆదివారం చర్చిలో ప్రసంగం అయ్యాక విజయ్ కుమార్ అయ్యగారు ఒక్క నిమిషం మౌనంగా ప్రార్థించమన్నారు. నలభై సెకన్లు బాగానే గడిచాయి. అప్పుడు కంభం నుంచి బావ వచ్చాడు. గేటు ముందు బండి ఆపాడు. ఆగే ముందు అది ఒక్కసారి పేలింది. ఆడవాళ్ళ వైపు నాలుగు వరుసలు చాపల మీద పడుకున్నాయి. మౌనం మాత్రం చాలాసేపు కొనసాగింది.

"కృపావరం," అన్నారు అయ్యగారు, మైకు సర్దుకుంటూ. "రేపటికి ఆ లోపలి పైపు లోపలికి పోవాల."

"పోతాది అయ్యగారూ."

బావ మాట తప్పడు. సాయంత్రానికి గ్లాసులు ఊడాయి. ఊదుగొట్టం పొయ్యి దగ్గరికి వచ్చింది. పైపు సైలెన్సర్‌లోకి పోయింది. కోళ్ళు బయటికి పోయాయి.

సోమవారం పొద్దున అక్క నన్ను కాపలాకు బండి వెనక కూర్చోబెట్టింది. బండి పిల్లిలా నడిచింది. చివరి వీధిలో వీరమ్మ అవ్వ ఇంటి ముందు ఆగాం. రెండు నిమిషాలైంది. ఎవరూ రాలేదు.

"హారన్ కొట్టు బావా."

"హారన్ ఆమెకు ఇనబడదు. ఆ దుబదుబ అయితే నాపరాయి గడప మీద కూర్చున్నా కాళ్ళకు తగుల్తాది. ఏడాదికింత తగ్గతాండాయి చెవులు. నేను ఇంత పెంచుకుంటా పోతాండా."

"పోయి పిలిస్తే సరిపోదా?" అన్నాను.

"ఒకసారి పిలిచినా. నేనేమన్నా చెవిటిదాన్నా అని వారం రోజులు పాలు పొయ్యలేదు. ఇంకొక్కనాడు పాలు మిగిలితే గేదెను అమ్మేస్తానని నాగులు అంటాండాడు. ఆ గేదె ఉన్నన్నాళ్ళే ఆ ఇంట్లో ఆమె మాటకు ఇలవ."

నాగులు ఆమె కొడుకు. మార్కాపురం దగ్గర పలకల గనిలో పని. అప్పటికే పనికి వెళ్ళిపోయాడు.

బావ బండి దిగి, గడప ముందుకు పోయి నిలబడ్డాడు. గడప లోపల బియ్యం ఏరుకుంటున్న అవ్వ తలెత్తింది. "అవ్వా, బండి చెడిపోయింది. గొంతు తడుపుకోను నీళ్ళియ్యి" అన్నాడు గట్టిగా. అవ్వ నీళ్ళు తెచ్చింది, వెంట పాలూ తెచ్చింది. ఒక నెపంతో ఆ రోజు గడిచింది.

"రోజూ ఇట్లనే చేద్దాం బావా."

"రోజూ చెడిపోయే బండికి పాలెవరు పోస్తారు?"

ఆ మధ్యాహ్నం అక్కకు అంతా చెప్పాను. అక్క లేచి వంటింట్లోకి పోయింది. బావ అప్పటికే వాకిట్లో కూర్చుని, పొగ లోపలి పైపు దాకా పోకముందే బయటపడేలా, సైలెన్సర్ ముందువైపు రంధ్రం కోసం మేకుతో గుండ్రంగా చుక్కలు గీస్తున్నాడు. ఆ రంధ్రానికి మూత కావాలి. మూతను హ్యాండిల్ దగ్గర్నుంచి లాగడానికి పాత సైకిల్ బ్రేకు తీగ దొరికింది. మూసినప్పుడు అయ్యగారి మాట నిలుస్తుంది, లాగినప్పుడు అవ్వ గేదె నిలుస్తుంది. ఇదంతా ఆయన ఒక్క గుక్కలో చెప్పాడు. సుత్తి నేనే పట్టుకొచ్చాను.

అక్క వంటింట్లోంచి వచ్చి పోపుల డబ్బా మూత ఆయన ముందు పెట్టింది.

"గ్లాసులు పలచన. ఇది మందం. నట్టు బాగా బిగించు" అంది. మూడేళ్ళలో ఆ ఇంట్లోంచి తనంతట తాను సైలెన్సర్‌లోకి వెళ్ళిన మొదటి వస్తువు అదే.

మర్నాడు పొద్దున బావ తీగను వదిలి మూత మూసి బయలుదేరాడు. చర్చి ముందునుంచి పోతుంటే అయ్యగారు వరండాలోంచి తృప్తిగా చెయ్యెత్తారు. చివరి వీధి మలుపు తిరగ్గానే బావ తీగ లాగాడు. నా పళ్ళు కదిలాయి. దడి మీది కాకి లేచిపోయింది.

నాగులు అన్నం క్యారియర్‌తో వాకిట్లో నిలబడి ఉన్నాడు. బండి ఇంకా ఆగకముందే వీరమ్మ అవ్వ చెంబుతో అతణ్ణి దాటుకుని వచ్చింది.

"ఏందిరా ఆ మోత? నాకేమన్నా చెవుడా?"

"తప్పయింది అవ్వా. రేపు తగ్గిస్తా."

"తగ్గించు" అని అవ్వ పాలు పోసింది. నాగులు ఒకసారి అమ్మను, ఒకసారి గేదెను చూసి పనికి పోయాడు.

బావ వంగి సైలెన్సర్‌ను వేలి కణుపుతో తట్టాడు. అది అప్పటికి బాగా కాలి ఉంది. రెండోసారి తట్టలేదు. వేలు నోట్లో పెట్టుకుని, తల పక్కకు వంచి, "సరిపోయింది" అన్నాడు.