ఉష్‌బాబు ఎవరినీ లేపడు

మా పై వాటాలో ఉండే ఫోన్ల ఇంజనీరుకు ఒక్క పని మాత్రం చచ్చినా చేతకాదు. నిద్రపోతున్న ప్రాణిని లేపలేడు. మనిషైనా, పిల్లి అయినా, గోడ మీద కునుకు తీస్తున్న పావురమైనా సరే, కళ్ళు మూసుకుని కనిపిస్తే చాలు, పెదాల మీద వేలు పెట్టి "ఉష్‌ష్!" అంటాడు. అందుకే మా వీధంతా అతన్ని ఉష్‌బాబు అంటుంది. ఆ పేరు పెట్టింది నేనే.

ఒకసారి బస్సులో పక్కన కూర్చున్న ముసలాయన ఇతని భుజం మీద తల వాల్చి నిద్రపోయాడట. దిగాల్సిన స్టాపు వచ్చింది, పోయింది. ఉష్‌బాబు ఆఖరి స్టాపు దాకా వెళ్ళాడు. అక్కడా ఆయన లేవలేదు. అదే బస్సులో మళ్ళీ వెనక్కి వచ్చాడు.

"మరి ఆయన ఎక్కడ దిగాలట?" అని అడిగాను.

"లేచాక చెప్పారండి. మేం ఎక్కిన చోటికి తర్వాతి స్టాపేనట."

ఇంకోసారి సగం క్షవరంతో ఇంటికొచ్చాడు. ఎడమవైపు నున్నగా ఉంది, కుడివైపు పొదలా ఉంది.

"ఇదేం అవతారం నాయనా?"

"మధ్యలో సెలూన్ ఆయనకు కునుకు పట్టిందండి."

"నిలబడేనా?"

"కుర్చీకి ఆనుకునండి. పాపం, పొద్దున్నుంచీ కాళ్ళ మీదే ఉన్నారు."

మూడు రోజులు టోపీ పెట్టుకుని తిరిగాడు. ఇక రోజూ ఆఫీసుకు బయల్దేరేటప్పుడు చూడాలి అతన్ని. భార్య నర్సు. ఆమె డ్యూటీ నుంచి వచ్చి పడుకునే వేళకు ఇతను బయల్దేరతాడు. బూట్లు చేత్తో పట్టుకుని, మెట్ల మీద దొంగలా దిగి, వీధి మలుపులో తొడుక్కుంటాడు. ఇంత మెతక మనిషి ఉద్యోగం ఎలా నెగ్గుకొస్తున్నాడో అని నాకు ఒకటే బెంగ. ఆ ఆఫీసు ఎలా ఉంటుందో చూడాలని అంతకు రెండింతల ఆత్రం.

ఆ అవకాశం లంచ్ బాక్సు రూపంలో వచ్చింది. ఒకరోజు మధ్యాహ్నం నర్సమ్మ లేచి చూస్తే, అతని బాక్సు ఆమె తల దగ్గరి అలమరలోనే ఉండిపోయింది. అలమర తలుపు కిర్రుమంటుందని తీసుకోలేదన్నమాట.

"ఇవాళ ఆయనకు పెద్ద పరీక్ష పెద్దమ్మా. ఖాళీ కడుపుతో..." అని ఆమె అంటూండగానే నేను చెప్పులు తొడుక్కున్నాను.

ఆఫీసులో ఒక పెద్ద గది. గోడ నిండా తెరలు, తొమ్మిది మంది మనుషులు, వాళ్ళ మధ్య చేతి గడియారం చూసుకుంటూ తిరిగే పెద్దసారు. నన్ను చూసి ఉష్‌బాబు కంగారుపడ్డాడు కానీ, వచ్చినదాన్ని వచ్చినట్టే వెళ్ళే రకం కాదు నేను.

"ఏమిటి నాయనా ఈ హడావిడి?"

అతను చెప్పింది ఇదీ. ఊళ్ళో ఫోన్లన్నీ బయటి లోకంతో మాట్లాడాలంటే గేట్‌వే అనే పెద్ద మెషీన్ దాటాలట. పాత గేట్‌వే ముసలిదైంది. సాయంత్రం నాలుగింటికి దాన్ని ఆపేస్తారు. ఈలోగా దాని కింద ఉన్న లక్షల ఫోన్లనూ కొత్తదాని కిందికి మార్చాలి. ఎవరూ వాడకుండా ఊరికే ఉన్న ఫోను నిద్రలో ఉన్నట్టు లెక్క. ఇతను నిద్రలో ఉన్నవాటినే, లేపకుండా మారుస్తున్నాడు.

"ఓస్, పడుకున్న పిల్లాణ్ణి ఈ మంచం మీంచి ఆ మంచం మీదికి మార్చడమేగా!" అన్నాను.

"అది కూడా కాదండి. పిల్లాడు కదలడు, మంచం కదలదు. గుమ్మంలో వాచ్‌మన్ మారతాడంతే. పాతాయన కొత్తాయన చెవిలో 'ఫలానా గదిలో ఫలానావారు' అని చెప్పి తప్పుకుంటాడు. లోపలివాళ్ళకు తెలియనే తెలియదు."

పెద్దసారు విసుక్కున్నాడు. "అన్నిటినీ ఒక్కసారి లేపేస్తే పది నిమిషాల పని! నాలుగు రోజుల్నుంచి జోల పాడుతున్నాడు ఈయన."

"లేపితే అన్నీ కలిసి కొత్త గుమ్మం మీద పడతాయి సార్. తొక్కిసలాటవుతుంది. చిన్న పరికరాల బ్యాటరీలు అయిపోతాయి."

"నాలుగింటికి ఒక్కటి మిగిలినా నీ పద్ధతి ఓడినట్టే. మిగతా పదకొండు ఊళ్ళలో లేపుడే లేపుడు!"

నేను గది చుట్టూ చూడటం మొదలుపెట్టాను. ఈ ఎర్ర దీపమేమిటి, ఆ బీరువాలో ఏముంది, ఈ పిల్లకు పెళ్ళయిందా, ఒక్కొక్కటే అడుగుతున్నాను. తెర మీద ఇంకా మార్చాల్సినవాటి అంకె తగ్గుతోంది. నాలుగు వందలు. ఎనభై. తొమ్మిది. మూడుంబావుకల్లా ఒకటి. అక్కడే ఆగిపోయింది.

"ఇదొక్కటీ నిద్రపోవడం లేదు సార్," అంది ఒక అమ్మాయి.

"ఎవరోగానీ కుదురు లేని మనిషి!" అన్నాను నేను, బీరువా వెనకనుంచి.

"ఫోన్ కాదు సార్, మెళ్ళో వేసుకునే ఆపద బొత్తాం. పెద్దవాళ్ళు పడిపోతే నొక్కేది. మనిషి కదిలినంతసేపూ మేలుకునే ఉంటుంది."

తొమ్మిది తలలూ నా మెడ వైపు తిరిగాయి. కిందటేడు నేను స్నానాలగదిలో జారిపడ్డాక మా మనవడు కట్టిన బొత్తాం అక్కడ వేలాడుతోంది.

"ఒక్కటేగా, దాని లైను కత్తిరించెయ్యి. రెండు నిమిషాల్లో అదే కొత్తదానికి తగులుకుంటుంది," అన్నాడు పెద్దసారు.

అప్పుడు ఉష్‌బాబు గొంతు పెంచగా మొదటిసారి విన్నాను. "ఆ రెండు నిమిషాల్లోనే ఈవిడ పడిపోతే ఎవరికి వినపడుతుంది సార్? కత్తిరించను."

నేనంతటిదాన్ని నోరు మూశాను. ఆ వింత చూడటానికి మా వీధివాళ్ళు ఒక్కరైనా అక్కడ లేకపోయారు.

ఉష్‌బాబు ఒక మెత్తటి కుర్చీ తెచ్చి, ఖాళీ ఉన్న చోట వేశాడు. "కూర్చోండి పెద్దమ్మగారూ. గేట్‌వే గురించి మొదటినుంచీ చెబుతాను."

అతని పనేమిటో చెప్పమని మూడేళ్ళుగా అడుగుతున్నాను! బాక్సు ఒళ్ళో పెట్టుకుని, చెవులు రిక్కించి కూర్చున్నాను. దూదిలాంటి గొంతుతో "మొదటగా..." అన్నాడు. ఇప్పటికీ నాకు గేట్‌వే గురించి తెలిసింది అంతవరకే.

కళ్ళు తెరిచేసరికి అయిదున్నర. తెర మీద సున్నా. పాత మెషీన్ దీపాలన్నీ ఆరిపోయి ఉన్నాయి. తొమ్మిది మందీ బల్లల మీద వరసగా కూర్చుని ఉన్నారు, బూట్లు చేతుల్లో పట్టుకుని. పెద్దసారు కూడా. నా కుర్చీ సరిగ్గా తలుపుకు అడ్డంగా ఉంది.

"అయిపోయిందా?" అని అరిచాను.

"మూడూ నలభై రెండుకే పెద్దమ్మా!" అంటూ ఆ అమ్మాయి తన ఫోన్‌లో తీసిన వీడియో చూపించింది. ముందు నేను, నోరు తెరుచుకుని గుర్రు పెడుతున్నాను. నా వెనక మిగతావాళ్ళంతా చప్పుడు లేకుండా గెంతుతున్నారు. మధ్యలో పెద్దసారు మునివేళ్ళ మీద గిర్రున తిరుగుతున్నాడు. ఉష్‌బాబు ఒక్కడే కదలకుండా పెదాల మీద వేలు పెట్టుకుని కాపలా కాస్తున్నాడు. ఊరు మొత్తంలో ఒక్క ఫోనూ ఉలిక్కిపడలేదట, ఒక్క ఫిర్యాదూ రాలేదట.

"ఇంత వేడుక జరుగుతుంటే లేపొచ్చు కదయ్యా!" అని విరుచుకుపడ్డాను.

"నిద్రలో ఉన్నారు కదండీ."

"పదకొండు ఊళ్ళకూ ఇదే పద్ధతమ్మా," అన్నాడు పెద్దసారు, ఇంకా గుసగుసగానే.

"ఇంతకీ నువ్వు తిన్నావా నాయనా?"

ఉష్‌బాబు సిగ్గుపడుతూ నా ఒళ్ళోకి చూశాడు. బాక్సు నా రెండు చేతుల కింద, వేసిన మూత వేసినట్టే ఉంది.

గబుక్కున మూత లాగాను. ఠప్పుమంది.

"ఉష్‌ష్!" అన్నారు తొమ్మిది మందీ.