గొర్రెలు తిన్న క్యాబేజీలు

ఆ రోజు తప్పు నాదే, గొర్రెలది కాదు.

అరవైతొమ్మిదిలో ఇంగ్లండు వెళ్లినప్పుడు, అక్కడ చదువుకుంటున్న నారాయణగూడ మిత్రుడు యాదగిరి తన పాత కారులో నన్ను పల్లెలు తిప్పాడు. ఒక ఊళ్లో కారు ఆపి నడక మొదలుపెట్టాం. అక్కడ పరాయివాళ్ల పొలాల్లోంచి కూడా కాలిబాటలుంటాయి. ఎవరైనా నడవచ్చు, గేటు మాత్రం వేసి వెళ్లాలి. నేను వేయలేదు. వెనక ఇద్దరు ఆడవాళ్లు వస్తున్నారు. మా చిక్కడపల్లిలో వచ్చేవాళ్ల మొహం మీద గేటు వేస్తే ఏళ్ల తరబడి చెప్పుకుంటారు. తీరా వాళ్లు వేరే దారిన వెళ్లిపోయారు.

కాసేపటికి యాదగిరి వెనక్కి చూశాడు.

"గేటు ఎయ్యలేదా అన్నా? జర గటు చూడు!"

ఆ పొలంలో మేసే గొర్రెలన్నీ తెరిచిన గేటులోంచి యజమాని పెరట్లోకి దూరాయి. మర్నాడు ఊరి కూరగాయల పోటీకి పెట్టాలని ఆ ముసలాయన వేసవంతా పెంచిన క్యాబేజీలను నములుతున్నాయి. ఆయన దగ్గరికి వెళ్లి తప్పు నాదేనని ఒప్పుకున్నాను. ఆయన కొరికిన క్యాబేజీలను చూసి, గొంతు సవరించుకుని, "క్షమించండి, గేటు వేయమని నేనే బోర్డు పెట్టాల్సింది" అన్నాడు.

తిట్టినా బాగుండేది.

గొర్రెల్ని లోపలికి తోలాక, సాయంత్రం దాకా అక్కడే నిలబడి, వచ్చేపోయే వాళ్లందరికీ గేటు తీసి, వేశాను.

"మంచి కొలువే దొరికింది గదన్నా, ఇగ హైద్రాబాద్ ఎందుకు పోతవ్?" అని నవ్వాడు యాదగిరి.

ముసలాయన టీ తెచ్చాడు. మిగిలిన ఒక్క క్యాబేజీనే పోటీకి పెడతానన్నాడు. కప్పు అందుకునే ముందు గొళ్లెం మరోసారి లాగి చూసుకున్నాను.