ఒక్కొక్కరికి ఒక్కో జవాబు

మా మామ పోయారన్న కబురు రాజంపేట నుంచి వచ్చింది. ఆడబిడ్డ ఇంట్లో మధ్యాహ్నం అన్నం తిని, కాసేపు నడుం వాలుస్తానని మంచం ఎక్కి, ఇక లేవలేదట. ఫోను మా ఆయన ఎత్తారు. నేనప్పుడు కల్లూరులో మా ఇంటి ముందుగదిలోని టైపింగు షాపులో, మామ కుర్చీలో కూర్చుని, ఒక పెండ్లి పత్రికలో పెండ్లికొడుకు తాత పేరు టైపు చేస్తున్నాను. ఆ పేరు సగంలో ఆగిపోయింది. తర్వాత దాన్ని ఎవరు పూర్తి చేశారో, ఆ పత్రిక ఎలా అచ్చయిందో నాకిప్పటికీ తెలియదు.

మామ నాకు చదువు చెప్పిన మనిషి. అయినా నాలుగేళ్ళలో ఆయనకు ఎదురుగా నిలబడి నేను మాట్లాడిన మాటలు పది కూడా ఉండవు. నేను ఆలూరు పక్క పల్లె నుంచి వచ్చాను, ఏడో తరగతితో బడి మానేశాను. మా వైపు కోడలు మామ ముందు కూర్చోదు, ఆయన పేరు పలకదు, ఆయన వస్తుంటే తలుపు చాటుకు తప్పుకుంటుంది. కాబట్టి ఆయన్ని గురించి రాయమంటే ఎక్కడ మొదలుపెట్టాలో నాకు సరిగ్గా తోచడం లేదు. తోచినట్టు రాస్తున్నాను.

ఆయన అన్నానికి లోపలికి వెళ్తే షాపులో జనం నిలబడిపోయేవారు. ఒకరోజు అత్తతో, “ఆ పాపను వచ్చి కూర్చోమను” అని చెప్పించారు. ఆయన లేచి లోపలికి పోయాక నేను వెళ్ళి కూర్చున్నాను. ఆ తర్వాత అదే పద్ధతి. కుర్చీ ఒకటే, మనుషులం ఇద్దరం. ఒకరు లేచి వెళ్ళాకే రెండోవారు వచ్చేవారు.

మొదటి రోజే తప్పు చేశాను. ఒక బడి పంతులు పెన్‌డ్రైవ్ పట్టుకుని ప్రింటు కోసం వచ్చారు. తెరుచుకోవాలంటే కంప్యూటర్ పేరు కొట్టమంది. అది మామ పేరు. నోటితో పలకని పేరును చేత్తో మాత్రం ఎలా కొట్టేది? “మామ” అని కొట్టాను, తెరుచుకోలేదు. “మామగారు” అని కొట్టాను. పంతులు గడియారం చూసుకుంటున్నారు. మామ చెయ్యి కడుక్కుని వచ్చేదాకా నేను అలాగే నిలబడ్డాను. సంగతి తెలిసి అత్త కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. మామ నవ్వలేదు.

మర్నాడు తెర మీద రెండు పేర్లున్నాయి. ఒకటి ఆయనది, రెండోది నాది. పెండ్లయ్యాక నా పేరు ఎక్కడైనా రాసి ఉండగా చూడడం అదే మొదలు. దాన్ని నొక్కితే లోపల ఒక చీటీ లాంటిది కనిపించింది. “ఈడ ఎవురి గది వాళ్ళది. నా పేరు నువ్వు కొట్టే పని లేదు. ఇద్దరం రాసుకునేదానికి నడుమ ఒక అరుగు పెట్టినా.”

అరుగంటే ఇద్దరమూ తెరవగలిగే ఒక ఫైలు. నేను కూర్చున్నప్పుడు నేను రాసేదాన్ని, ఆయన కూర్చున్నప్పుడు ఆయన. మొదట్లో అంతా పని మాటలే, ఏ అక్షరానికి ఏ మీట నొక్కాలో అలాంటివి. “దీర్ఘం మర్సినావు మ్మా, పెండ్లికూతురు పేరది.” నేను “సరే మామా” అని రాసేదాన్ని. పోనుపోను నా మాటలు పొడవయ్యాయి. మూడో నెలలో నాకు కడుపు పోయినప్పుడు, షాపులో కూర్చోవడం వల్లే అలా అయిందని చుట్టాలు అన్నారు. మా ఆయనతో కూడా చెప్పుకోలేని మాటలు ఆ ఫైలులో రాశాను. మామ ఒక్క వరసే రాశారు. “కూర్చోవల్లనిపిస్తే కూర్చో, లేకుంటే లేదు. కుర్చీ యాడికీ పోదు.”

ఆ కంప్యూటర్‌లో అందరి దగ్గరా ఉండే సిస్టం లేదు, లినక్స్ ఉంది. ఊరికే దొరుకుతుంది, ఎవరైనా వేసుకోవచ్చు. వచ్చినవాళ్ళంతా ఇదెందుకని అడిగేవారు. నా అయోమయం అక్కడే మొదలైంది, ఎందుకంటే మామ ఒకరికి చెప్పింది ఇంకొకరికి చెప్పేవారు కాదు. ఊరికే వస్తుందనే కదా అని ఒక పెద్దమనిషి ఎత్తిపొడిస్తే, “దుడ్లకు కాదప్పా. ఊర్లో పెన్‌డ్రైవులన్నీ ఈడికే వస్తాయి. వాటి రోగాలు దీనికి అంటవు” అన్నారు. ట్రాక్టరు మెకానిక్ అడిగితే, ఇది బోల్టులు విప్పి చూసుకోనిచ్చే బండి అనీ, అందరూ వాడేదానికి మూత సీలు వేసి ఇస్తారనీ చెప్పారు. తెలిసినాయన ఒకరు డబ్బు కట్టక్కరలేని దొంగ కాపీ తెచ్చి వేస్తానంటే, దొంగసొత్తు పెట్టుకుని పొద్దున్నే దాని ముందు ఊదుబత్తి వెలిగించలేనన్నారు. అత్తతో మాత్రం, మిషన్ ముసలిదైంది, కొత్త బరువు మోయలేదు, ఇదైతే తేలిక అన్నారు.

నేను తలుపు చాటు నుంచి ఇవన్నీ విన్నాను. ఏది నిజమో తేల్చుకోలేక ఒకరోజు అరుగు మీద అడిగేశాను. రెండు రోజులు జవాబు లేదు. మూడోరోజు, “అడిగినోళ్ళను బట్టి చెప్తా. నువ్వు అడిగితే ఏం చెప్పల్లో ఇంకా తోచలే” అని ఉంది. ఆ వారమే రాజంపేటకు బయల్దేరారు.

దినాలకు షామియానా కింద కూర్చున్నవాళ్ళు ఆ మాటే ఎత్తారు. విప్పి చూసుకునేదానికే అని మెకానిక్, కాదు రోగాలు రావనే అని పెద్దమనిషి. మామ తనకే అసలు సంగతి చెప్పారని ఎవరికి వారు నమ్ముతున్నారు. నాకు మాత్రం చెప్పలేదు కదా అని దిగులేసింది.

పెద్దదినం అయ్యాక మా ఆయన కర్నూలు నుంచి ఒక కంప్యూటర్ ఆయన్ను పిలిపించారు. పత్రికలు అచ్చేసే ప్రెస్సు వాళ్ళు అడిగే పాత తెలుగు ఫాంట్లు మామ సిస్టంలో సరిగ్గా రావు, పత్రికల పని వెనక్కి పోతోంది. మా ఆయన చెప్పింది అబద్ధం కాదు. అంతా తుడిచి కొత్తది వేస్తానని, లోపల కావలసినవి ఏమైనా ఉన్నాయా అని వచ్చినాయన అడిగాడు. ఏమీ లేవన్నారు మా ఆయన.

నేను అత్త వెనక ఉన్నాను. నోరు విప్పితే ఆ ఫైలు తెరుస్తారు. మొగుడికి చెప్పుకోనిది మామకు రాసుకున్నానని అందరికీ తెలుస్తుంది. విప్పకపోతే ఆయన రాసినవి ఒక్కటీ మిగలవు.

“తుడపొద్దు” అన్నాను. అనుకున్నదానికంటే గట్టిగానే వచ్చింది.

మా ఆయన తిరిగి చూశారు. వచ్చినాయన మర్యాదగానే అడిగాడు. “లోకమంతా ఒకటి వాడతాంటే, మీకు ఇదే ఎందుకమ్మా?”

మామ జవాబులన్నీ గుర్తొచ్చాయి. ఏదీ నాది కాదు.

“నాకు ఇదే వచ్చు” అన్నాను. తర్వాత ఇంకో మాట కూడా అన్నాను. “మామా నేనూ దీంట్లో రాసుకున్నాం. అవి ఉండాయి.”

అత్తే అంది. “నాకు తెల్సులే. ఈ పొద్దు పాప నాలుగు లైన్లు రాసిందని అన్నం కాడ చెప్తాండె. నా మొగం చూసి నాలుగు మాటలు ఎప్పుడు మాట్లాడినాడో ఆ మనిషి.”

మా ఆయన వచ్చినాయన వైపు తిరిగి, రెండూ ఉంచడానికి వీలవుతుందా అని అడిగారు. ఆ ఫైలు ఆయన తెరవలేదు. తెరుస్తారో లేదో, తెరవాలని నాకుందో లేదో కూడా నాకు తెలియదు. వచ్చినాయన సాయంత్రం దాకా తంటాలు పడి రెండూ ఉండేట్టు చేశాడు.

ఇప్పుడు పొద్దున షాపు ఊడ్చి స్విచ్చి వేస్తే ఏది కావాలో ఎంచుకోమని నల్లటి తెర మీద రెండు వరసలు వస్తాయి. పైది మామది, కిందది కొత్తది. కింద పది అంకె ఉంటుంది. అది తొమ్మిదవుతుంది, ఎనిమిదవుతుంది. ప్రెస్సు పని ఉన్ననాడు మా ఆయన గబగబా వచ్చి కిందది నొక్కుతారు. ఎవరూ ముట్టకపోతే పైది దానంతటదే తెరుచుకుంటుంది. మామ నాకు ఏం చెప్పి ఉండేవారో ఇంకా తెలియదు. రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని, ఆ అంకె ఒకటి దాకా దిగేవరకు నిలబడి చూస్తుంటాను.