శనివారం బిగించిన కార్బురేటర్

ఈ ఇల్లు మీకు వేసవి చివరిదాకే అని ఇంటావిడ మొదటి రోజే చెప్పింది. ఆమె పై వాటాలో ఒక్కతే ఉంటుంది. కింది వాటాను మనవడి కోసం అట్టిపెట్టింది. అతను చదువుకు ఈ ఊరొస్తాడో, ఇంకెక్కడికైనా వెళ్తాడో అప్పటికి తేలలేదు. "వాడు రాకపోతే మీరే ఉండవచ్చు. కానీ ముందు తోటను ఎలా చూసుకుంటారో చూస్తాను" అంది. వెనక తోటలో గడ్డి కోయడం కింది వాటావాళ్ల పని. మిషన్ ఆమెదే.

జర్మనీలో, ఈ బ్యోబ్లింగెన్‌లో ఇల్లు వెతికినవాళ్లకు ఆ మాట బరువు తెలుస్తుంది. మా పాప వెళ్లే కీటా, అంటే పసిపిల్లల బడి, ఆ వీధి చివరే ఉంది. ఇల్లు పోతే ఊరు మారాలి. ఊరు మారితే పిల్లల బడిలో ఆ సీటు పోతుంది. సీటు పోతే మా ఇద్దరిలో ఒకరం పని మానేసి ఇంట్లో కూర్చోవాలి. ఎవరం కూర్చుంటామో అడగక్కర్లేదు. మా ఆవిడ కార్ల సాఫ్ట్‌వేర్ రాసే ఇంజనీరు. నేను ఆమె వెంట వచ్చి, పొద్దున పూట ఒక గోదాములో పెట్టెలు సర్దేవాణ్ని.

డిగ్రీ నేను మధ్యలోనే వదిలేశాను. నాకున్న చదువంతా గ్రంథాలయాల్లో సంపాదించిందే. మంచిర్యాలలో ఫ్యాను కింద చోటు కోసం పొద్దున్నే వెళ్లి కూర్చున్న అలవాటు ఇక్కడికీ నాతో వచ్చింది. జర్మన్ కూడా ఊరి లైబ్రరీలోనే నేర్చుకున్నాను. మొదట పాపకు తెచ్చిన బొమ్మల పుస్తకాలు, తర్వాత తేనెటీగల పెంపకం, తర్వాత పాత ఇళ్ల పైకప్పుల మీద ఒక లావుపాటి పుస్తకం. మా ఆవిడ స్నేహితులంతా ఇంజనీర్లు. వాళ్ల మధ్య కూర్చున్నప్పుడు పైకప్పుల గురించి ఏదో ఒకటి చెప్పకుండా లేచేవాణ్ని కాదు.

జూన్‌లో గడ్డి మిషన్ మొరాయించింది. తాడు లాగితే అంటుకుంటుంది, కాసేపు ఊగిసలాడుతుంది, ఆగిపోతుంది. వారం తిరిగేసరికి గడ్డి పాప మోకాళ్లదాకా వచ్చింది. ఇంటావిడ పై బాల్కనీలో పూలకుండీలకు నీళ్లు పోస్తూ కిందికి చూసేది. రిపేరు షాపువాడు టెర్మిన్, అంటే మా వంతు, వచ్చే నెలలోనే అన్నాడు.

లైబ్రరీలో చిన్న ఇంజన్ల మీద ఒక పాత పుస్తకం దొరికింది. అన్నీ చేత్తో గీసిన బొమ్మలు. డిక్షనరీ పక్కన పెట్టుకుని చదివాను. జబ్బు కార్బురేటర్‌దని తేలింది. పాత పెట్రోలు లోపల జిగురై, సన్నటి రంధ్రాలను మూసేసింది. శుభ్రం చేసి చూశాను, కుదరలేదు. కంపెనీ విడిభాగం రావడానికి చాలా రోజులు పడుతుందన్నారు. అచ్చం అలాంటిదే ఇంకెవరో చేసింది, చవకది, ఆన్‌లైన్‌లో కనిపించింది. మర్నాడే వస్తుందట.

"కంపెనీదే తీస్కో. ఆగుదాం," అంది మా ఆవిడ.

"గడ్డి ఆగుతదా?"

"ఆమెకు చెప్పు. మిషన్ ఖరాబైందని చెప్పు. మనుషులే గదా."

"నేను బాగు చేస్త. బుక్కుల మొత్తం ఉంది."

"నీ బుక్కుల ఈ చవక పార్ట్ ఫొటో కూడా ఉందా?"

ఆ మాట నాకు గుచ్చుకుంది. ఆమె ఇంజనీరుగా అంటోందా, పెళ్లాంగా అంటోందా అన్నది అలాంటప్పుడు నాకు ఎప్పుడూ తేలదు. ఆ రాత్రే ఆర్డర్ పెట్టాను.

వచ్చిన కార్బురేటర్ పాతదానికంటే మెరుస్తూ ఉంది. దాని అడుగున చిన్న గిన్నె, గిన్నెలో తేలే బెండు. ఇంటి మీద నీళ్ల ట్యాంకులో బంతి తేలి కుళాయి మూసినట్టే, పెట్రోలు నిండగానే ఈ బెండు పైకి లేచి ఒక సూదిని రంధ్రంలోకి నొక్కుతుంది. అప్పుడు పెట్రోలు ఆగుతుంది. చెవి దగ్గర పెట్టుకుని ఊపితే లోపల సూది టిక్కుమంది. బాగానే ఉందనుకున్నాను.

శనివారం మధ్యాహ్నం, ఈ ఊళ్లో చప్పుడు చేయకూడని గంటలు ముగిశాక, తోటలో గోనెపట్టా పరిచి పని మొదలుపెట్టాను. పుస్తకం చెప్పినట్టే, ఏ స్ప్రింగు ఏ చిల్లిలో ఉందో ముందుగా ఫొటో తీసుకున్నాను. బోల్టులు తుప్పు పట్టి ఒక పట్టాన తిరగలేదు. కొత్తదాని వెనక వేసే అట్టపట్టీ చిల్లులు కాస్త పక్కకు ఉన్నాయి, కత్తితో సరిచేయాల్సి వచ్చింది. అంతా బిగించి, ట్యాంకు నిండా పెట్రోలు పోసి, కారడం లేదు కదా అని వేలితో కింద తడిమి చూశాను. పొడిగా ఉంది. ఈలోగా సాయంత్రమైంది, కోతకు ఒప్పుకునే వేళ దాటిపోయింది.

"ఒక్కసారి స్టార్ట్ జేసి చూడరాదు. నిమిషం గూడ కాదు," అంది మా ఆవిడ వంటింటి కిటికీలోంచి.

"టైమైపోయింది. పక్కింటాయన కర్టెన్ వెనకనే ఉంటడు."

పక్కింటాయన సంగతి ఇద్దరికీ తెలుసు. ఆ ఇంట్లో దిగిన కొత్తలో ఒక ఆదివారం ఖాళీ సీసాలు వీధి డబ్బాలో వేస్తే, ఆయన చెప్పుల్లోనే నడిచొచ్చి, నవ్వుతూ, ఇవాళ ఆదివారం, చప్పుడు చేయకూడదు అని గుర్తుచేసి వెళ్లాడు. ఆ నవ్వు తర్వాత నేను ఆదివారాలు ఇంట్లో డ్రిల్లు మాట అటుంచి, కుర్చీ కూడా జరపలేదు. మర్నాడు ఆదివారమే. ఇక సోమవారం సాయంత్రమే కోయాలి.

మిషన్‌ను తోటలో వదిలేద్దామంటే వాన వచ్చేట్టుంది, పైగా ఇంటావిడ కళ్లకు చిందరవందరగా ఉంటుంది. దాని చోటు ఎప్పుడూ కింద, నేలమాళిగలోనే. నేను, మా ఆవిడ చెరోవైపు పట్టుకుని ఇరుకు మెట్ల మీద దాన్ని ఒరగేసి దించాం. ట్యాంకు ఖాళీ చేయాలన్న ఆలోచన నాకు రాలేదు. పుస్తకంలో ఆ మాట ఉంది. చలికాలానికి ముందు చేయవలసిన పనులు అనే అధ్యాయంలో ఉంది. మాది జూన్.

ఆదివారం భోజనాల వేళ పాప బొమ్మల సైకిల్ కోసం కిందికి వెళ్లి, ముక్కు పట్టుకుని పరిగెత్తుకొచ్చింది.

"నాన్నా, ఎస్ ష్టింక్ట్!"

"ఏం కంపురా? పైపులదా?"

"నైన్. ఆటో లాగా." కారు వాసనట.

మెట్లు సగం దిగేసరికి నాకు అర్థమైంది. లైటు వేయబోయిన చెయ్యి వెనక్కి తీసుకున్నాను. పై వెలుతురులో మిషన్ కింద నేల నల్లగా తడిసి కనిపించింది. ఆ తడి సన్నటి పాయగా సాగి నీళ్లు పోయే జాలీ దాకా వెళ్లింది. జాలీకి అటు వైపు పల్చటి తలుపు. తలుపు వెనక, వేసవిలో కూడా స్నానాల నీళ్లు కాచే బాయిలర్. దాని లోపల మంట ఎప్పుడు వెలుగుతుందో, ఎప్పుడు ఆరుతుందో నాకు తెలియదు. ఎవరైనా ఒక కుళాయి తిప్పితే చాలని మాత్రం తెలుసు.

పైకి వచ్చి మా ఆవిడతో, "కుళాయి ముట్టకు, పొయ్యి ఆర్పు, పిల్లను తీస్కొని బయటికి నడు" అన్నాను. నా గొంతు విని ఆమె ఎందుకని అడగలేదు. నేను పై వాటా తలుపు దబదబా కొట్టాను. ఇంటావిడ కునుకులోంచి లేచి మేజోళ్లతోనే వచ్చింది. నాకొచ్చిన జర్మన్ అంతా ఎక్కడికో పోయి, పెట్రోలు, కింద, బాయిలర్ అన్న మాటలే మిగిలాయి. ఆమెకు అవి సరిపోయాయి. ఫోన్ తీసుకుని, రెయిలింగ్ పట్టుకుని దిగి, వీధిలోకి వచ్చాకే ఫైరింజన్‌కు చేసింది.

నిశ్శబ్దంగా ఉన్న ఆ వీధిలోకి సైరన్ వేసుకుని ఎర్రబండి వచ్చింది. మేం నలుగురం అవతలి వైపు నిలబడ్డాం. పక్కింటాయన కూడా బయటికొచ్చాడు. ఈసారి నవ్వలేదు. వచ్చినవాళ్లు గ్యాసు ఆపేశారు, నేల మీద ఇసకలాంటి గుళికలు చల్లారు, గొట్టంలాంటి పెద్ద ఫ్యాను పెట్టి గాలి బయటికి తోడారు. ఒకతను చేతిలో మీటరు పట్టుకుని దిగడం, రావడం. పాప వాళ్ల హెల్మెట్లు చూసి చప్పట్లు కొట్టింది. మా ఆవిడ దాన్ని ఆపలేదు, నా వైపు చూడలేదు.

అంతా అయ్యాక మిషన్‌ను మోసుకొచ్చి తోటలో పెట్టారు. ఇంటావిడ దాని ముందు నిలబడి అడిగింది.

"ఇది ఎవరు బాగుచేశారు?"

"నేనే."

"నడిపి చూశారా?"

"లేదు. టైము దాటిపోయింది. ఇవాళ ఆదివారం. చప్పుడు చేయకూడదని."

"చప్పుడు చేస్తే ఆయన వచ్చి గొణుగుతాడు" అంటూ ఆమె పక్కింటి వైపు చెయ్యి చూపింది. "గొణిగి వెళ్లిపోతాడు. నేను పైన పడుకుని ఉన్నానండీ. ఈ పిల్ల కింద సైకిల్ వెతుక్కుంటోంది."

నేను గోనెపట్టా తెచ్చి మిషన్ మీద కప్పాను.

సోమవారం ఆ కార్బురేటర్ విప్పాను. తెలుసుకోకుండా ఉండలేకపోయాను. బెండు పక్కన, గిన్నె పోతపోసినప్పుడు మిగిలిన వెంట్రుకంత లోహపు పొర ఊడి, సూదికీ రంధ్రానికీ మధ్య ఇరుక్కుంది. మెట్ల మీద ఒరగేసినప్పుడు కదిలి ఉంటుంది. మా ఆవిడకు చూపించాను.

"తెలిసింది గదా. ఇప్పుడేం జేస్తవు దీంతోని?" అంది. కోపంగా కూడా అనలేదు. ఆ రాత్రి ఆమె ఫోన్లో పక్క ఊరు జిండెల్ఫింగెన్ వైపు ఇళ్లు వెతకడం చూశాను. నన్ను చూసి తెర పక్కకు తిప్పలేదు.

ఆ తర్వాతి వారాలు మేం ఆ ఇంట్లో చుట్టాల్లా బతికాం. తలుపులు మెల్లగా వేశాం. పెట్రోలు వాసన పోవడానికి ఇంటావిడ కింది కిటికీలు రోజంతా తెరిచే ఉంచింది. నేలమాళిగలో ఆరేసిన తన దుప్పట్లు మళ్లీ ఉతికింది. నేను సాయం చేస్తానంటే, వద్దు, థాంక్యూ అంది. చేత్తో కోసే కత్తెరతో గడ్డి కొంతమేర కోశాను. ఆమె బాల్కనీలోంచి చూసి లోపలికి వెళ్లిపోయింది. మనవడి సంగతి ఎవరూ ఎత్తలేదు. పాప మాత్రం కీటాలో ఎర్రబండి బొమ్మ గీసి తెచ్చి, పైకి వెళ్లి ఆమెకే ఇచ్చి వచ్చింది.

ఆగస్టులో ఒక సాయంత్రం ఇంటావిడ మా తలుపు తట్టింది. కూర్చోమంటే కూర్చోలేదు. మా ఆవిడ వైపు చూసి మాట్లాడింది.

"మా మనవడు రావడం లేదు. మీరు ఉండవచ్చు. తోట పని ఇక మీది కాదు, మనిషిని పెట్టాను. కింద మీ సైకిళ్లు ఉంచుకోండి. ఇంకేదీ పెట్టకండి."

మా ఆవిడ ఆమె రెండు చేతులూ పట్టుకుంది. ఆమె వెళ్లాక తలుపుకు ఆనుకుని ఏడ్చింది. నేను, "ఇంకొక్క అవకాశం ఇమ్మని అడిగితే? కరెంటు మిషన్ అయితే పెట్రోలే ఉండదు" అన్నాను.

"నీకు దండం పెడ్త," అంది కళ్లు తుడుచుకుంటూ. "అడగకు. ఇల్లు ఉన్నది. పిల్ల బడి ఉన్నది. గడ్డి ఎవడు కోస్తే ఏంది?"

ఆమె చెప్పింది నిజమే. ఇప్పుడు గురువారాల్లో ఒక మనిషి బండిలో వచ్చి కోసి వెళ్తాడు. బాగా కోస్తాడు.

మేం ఆ ఇంట్లోనే ఉంటున్నాం. ఇంటావిడ పాపకు చాక్లెట్లు ఇస్తుంది, నాకు గుటెన్ మోర్గెన్ చెబుతుంది. అయితే రోజూ మేం భోజనానికి కూర్చునే వేళ ఆమె మెట్లు దిగడం వినిపిస్తుంది. నేలమాళిగ తలుపు తీస్తుంది. అక్కడే కాసేపు నిలబడి వాసన చూస్తుంది. నా నోట్లో ముద్ద అలాగే ఉండిపోతుంది. తలుపు మూసిన చప్పుడయ్యాక నములుతాను.