రెండు గ్యాలన్ల సాక్ష్యం

మొన్న శుక్రవారం పొద్దున, మోటార్లు బాగుచేసే మా మేస్త్రీ కన్నుమూశారు. పావగడలో మోటారు ఎక్కినవాళ్ళకూ, ఎక్కి దారిమధ్యలో ఆగిపోయినవాళ్ళకూ ఆయన్ను పరిచయం చెయ్యక్కర్లేదు. మిగతావాళ్ళ కోసం, ఆయన నాకు చేసిన ఒక మేలు చెబుతాను.

నాకు కారు నేర్పింది ఆయనే. ఇంజను మీద చెవి ఆనించి, కళ్ళు మూసుకుని వినేవారు. "మనం మాట్లాడేది ఆపితే బండి మాట్లాడుతుందప్పా" అనేవారు. తన మరమ్మతుకు వంక పెడితే మాత్రం సహించేవారు కాదు. బండి మళ్ళీ మొరాయిస్తే తప్పు రోడ్డుది, ఎండది, డ్రైవరుది. తన చేతిది కాదు. ఆ మాట మీద మేమిద్దరం ఎన్నిసార్లు అలిగామో.

యుద్ధం రోజులు. కూపను లేనిదే పెట్రోలు చుక్క దొరికేది కాదు. ఒకరోజు మేస్త్రీ నా బాడుగ కారు ట్యాంకు కడిగి, ఆరబెట్టి, నా వంతు రెండు గ్యాలన్లు తన చేత్తోనే పోశారు. నేను పదకొండు మైళ్ళ దూరంలోని వెంకటమ్మనహళ్లికి పోయి, కాన్పు కష్టమైన ఒకామెను ఆస్పత్రికి తెచ్చాను. ఆ సాయంత్రమే బలసముద్రం దారిలో, ఊరికి ఆరు మైళ్ళ అవతల, ఒక నల్లకారు గొర్రెలు కాసే ముసలాయన్ను గుద్ది, ఆగకుండా పోయింది. ఆయన కాలు విరిగింది. ఊళ్ళో నల్లకారు నాదొక్కటే.

మర్నాడు నన్ను ఠాణాలో కూర్చోబెట్టారు. గ్యాలనుకు ఇరవై మైళ్ళు పోయే కారు రెండు గ్యాలన్లతో రెండు చోట్లకూ పోయి రాగలదని ఇన్‌స్పెక్టరు లెక్క. బండి అంత దూరం పోదని నేనెంత చెప్పినా ఆయన నమ్మలేదు. సంగతి విని మేస్త్రీ నూనె చేతులతోనే వచ్చి నిలబడ్డారు.

"ఆ బండి గ్యాలనుకు పన్నెండు మైళ్ళ మీద పోదు సార్. వెంకటమ్మనహళ్లికి పోయొచ్చేసరికి ట్యాంకు అడుగంటుతుంది."

ఎందుకు పోదని ఇన్‌స్పెక్టరు అడిగారు.

"కార్బురేటరు నేనే బాగుచేసినాను సార్. సరిగా రాలేదు. పెట్రోలు ఊరికే తాగేస్తా ఉండాది. ఈయప్ప చెప్తానే ఉన్నాడు, నేనే ఒప్పుకోలేదు."

అంతమంది ముందు ఆయన నోట ఆ మాట వచ్చేసరికి నా తల వంగిపోయింది.

ఇన్‌స్పెక్టరు ట్యాంకు ఖాళీ చేయించి, రెండు గ్యాలన్లు కొలిచి పోయించారు. మమ్మల్నిద్దరినీ ఎక్కించుకుని, నాచేతే నడిపించి వెంకటమ్మనహళ్లికి పోయొచ్చి, మళ్ళీ ఊళ్ళోంచి బలసముద్రం దారి పట్టించారు. ఊరు దాటి రెండు మైళ్ళు పోకముందే ఇంజను దగ్గి ఆగిపోయింది. నన్ను వదిలేశారు. నెల తిరక్కముందే, ముసలాయన్ను గుద్దిన కారు పొరుగు జిల్లాలో దీపం పగిలి దొరికింది.

మేస్త్రీ పోయారని విన్నప్పటినుంచి నాకు ఆ మధ్యాహ్నమే కనబడుతోంది. రెండు పక్కలా శెనగచేన్లు. ఆగిన కారును ఇన్‌స్పెక్టరూ, మేస్త్రీ వెనకనుంచి తోస్తున్నారు. నేను స్టీరింగు పట్టుకుని తిరిగి చూశాను. తలగుడ్డ జారి, ముఖమంతా చెమటతో, తను బాగుచేసిన బండి నడవనందుకు మా మేస్త్రీ నోరారా నవ్వుతున్నారు.