మా వాకిట్ల సైకిల్ తొవ్వ

చాయ్ వచ్చేలోపు చెప్త, వినుండ్రి. మొన్న నేను చేసిన ఒక్క తెలివైన పనికి మా ఇంటికి దర్వాజలు లేకుంట అయినయి. దొంగలు పడలే, గాలి దుమారం రాలే. అంత నా చేతుల పనే.

మీకు ఎర్కనే, నేను మా ఊర్ల రోడ్డు మేస్త్రిని. పొద్దుగాల బొగ్గుబాయి షిఫ్ట్ టైంకు మా బజార్ల ఒకటే సైకిళ్ళు. అటు మంచిర్యాల నుంచి వచ్చే లారీలు, ఇటు ఎడ్లబండ్లు, నడుమ ఈళ్ళు. పోయిన నెల ఒక లారీ అడ్డం వస్తే నలుగురు సైకిళ్ళతోటి సహా పోయి మిర్చి కుప్పల పడ్డరు. పానాలు దక్కినయి గని వారం దినాలు తుమ్ముకుంటనే డ్యూటీకి పోయిండ్రు.

ఆంధ్రప్రదేశ్ అయినంక గుంటూరు దిక్కు నుంచి బదిలీ మీద కొత్త ఇంజనీరు సాబ్ వచ్చిండు. ఆయన నన్ను పిల్చి, "చూడండి మేస్త్రీ, రోడ్డుకి ఎడంపక్క సైకిళ్ళకి వేరే దారి ఉండాలి. సున్నంతో గీత వేయండి. గీత లోపలికి సైకిళ్ళు తప్ప ఇంకేమీ రాకూడదు. రేపు పొద్దున్న నేనే వచ్చి చూస్తాను" అన్నడు.

తాడు పట్టి, కుంచెతోటి గీస్తే రెండు దినాల పని. నాకేమో తెలివి ఎక్కువ. గ్యాస్‌నూనె డబ్బకు అడుగున బొక్క కొట్టిన, సున్నం నీళ్ళు నింపిన, సైకిల్ క్యారేజీకి కట్టిన. నేను తొక్కుకుంట పోతే గీత అదే పడ్తది. మాపటీలి బొగ్గుబాయి కాలనీ గేటు కాడ మొదలువెట్టి చౌరస్తా దాక పోయిన. ఎనుకకు తిరిగి చూస్తే గీత దారం గుంజినట్టే ఉన్నది. మిగిలింది తెల్లారి గీద్దామని బొక్కల గుడ్డపేలిక కుక్కి ఇంటికి మళ్ళిన.

ఆ పేలిక చౌరస్తాలనే జారి పడ్డది. నేను చూసుకోలే.

తొవ్వల నర్సయ్య హోటల్ కాడ దోస్తు పిలిస్తే, బయటేసిన బల్ల సుట్టు ఒక రౌండు తిరిగి ఆగి చాయ్ తాగిన. మా గల్లీల కుక్క మీదికి వస్తే అటిటు వంకర్లు కొట్టిన. తడక తలుపు నూకి, వాకిట్లకు తొక్కుకుంటనే పోయి, నీళ్ళ గోలెం పక్కపొంటి పెరట్ల సైకిల్ నిలవెట్టిన. మసక చీకటి పడ్డది. ఎనుకకు చూడలే.

తెల్లారి నోట్ల యాపపుల్ల, నడుముకు టువ్వాల, గోలెం కాడ నిలవడ్డ. ట్రింగు ట్రింగుమని గంటలు. తడక నూకుకొని ఒక సైకిల్ లోపలికొచ్చింది. దాని ఎనుక ఇంకోటి. చూస్తుండంగనే వాకిలి నిండింది.

మా ఆమె లక్ష్మి చేతుల చాటతోటి బయటికొచ్చింది. "ఏమయ్యా, ఎవరు ఈళ్ళంత? నీ దిక్కు సుట్టాలా?"

ముందటోడు సైకిల్ దిగిండు. "మాకేం తెల్వదక్కా. గీత ఎంబడే పోవాలని పోలీసాయన హుకుం. హోటల్ల బల్ల సుట్టు గూడ తిరిగొచ్చినం. గీత గీడ అయిపోయింది. ఇగ ఎటు పోవాలె?"

ఆ ఎనుకనే కానిస్టేబుల్ జలీల్ సీటీ ఊదుకుంట వచ్చిండు.

"జలీల్ భాయ్, గిది నా ఇల్లు" అన్న.

"ఇల్లు సంగతి నాకు తెల్వదు మేస్త్రి సాబ్. గీత గీసింది మీరు, హుకుం ఇచ్చింది సాబ్. మీ బర్రెను జర పక్కకు కట్టుండ్రి."

ఎనుకోళ్ళు ముందుకు నూకుతుండ్రు, ముందటోళ్ళకు తొవ్వ లేదు. ఇంకో పావుగంటల బొగ్గుబాయి గేటు మూస్తరు. ఆలస్యమైతే ఆ దినం డ్యూటీ పోయినట్టే. ఒకాయన మొకం ఏడుపు మొకమైంది. లక్ష్మి చాట కింద వడేసి పెరటి దర్వాజ తెరిచింది. దాని అవతల్నే బొగ్గుబాయి రోడ్డు. ఐదు నిమిషాల్ల అందరు పోయిండ్రు.

ఇగ సాబ్ వచ్చిండు, ఆయన గూడ సైకిల్ మీదనే, గీత ఎంబడే. నా నౌకరి ఇయ్యాల్టితోటి సరి అనుకున్న. ఆయన గీతను చూసిండు, బర్రెను చూసిండు, నన్ను చూసిండు.

"ఏమిటండీ ఇది?"

నేను నోట్ల యాపపుల్ల తీసేలోపు లక్ష్మే చెప్పింది. "ఇటు నుంచి పోతే లారీ ఉండది, బండి ఉండది సార్. అందరు పైలంగ పోయిండ్రు."

సాబ్ పెరటి దర్వాజల నుంచి పోయి చూసొచ్చిండు. వచ్చి నా చెయ్యి పట్టుకున్నడు. "గీత వేయమంటే సొంత ఇల్లే ఇచ్చేశారు. ఇలాంటి త్యాగం నేనెక్కడా చూడలేదు" అన్నడు. రెండో చేత్తోటి నేను టువ్వాల పట్టుకున్న. గుడ్డపేలిక జారిందని గప్పుడు ఏం చెప్త? "మీ దయ సార్" అన్న.

తెల్లారి పనోళ్ళొచ్చి, సైకిళ్ళకు అడ్డమని తడక, పెరటి దర్వాజ రెండూ పీకిండ్రు. జలీల్ భాయ్‌కి మా వాకిట్లనే డ్యూటీ ఏసిండ్రు. లక్ష్మి ఆయనకు దినాం చాయ్ పోస్తుంది. నాకు పోస్తలే.

ఇయ్యాల పొద్దుగాల యాది మరిచి, సబ్బు పట్టుకొని వంటింట్ల నుంచి గోలెం కాడికి నడిచిన. జలీల్ సీటీ ఊదిండు.

"నడిచేటోళ్ళు గీత అవతల ఉండాలె" అన్నడు.

ముప్పై సైకిళ్ళు పోయేదాక మా గోడకు ఒత్తుకొని నిలవడ్డ. "గలతీ అయింది భాయ్, మాఫ్ చెయ్యి" అన్న.

జలీల్ మంచోడు. మొదటి తప్పని ఇడిసిపెట్టిండు.