మేజోడులో కత్తి

పోయిన వారం మా మేనల్లుడు అమెరికా అవతలి కొసనున్న బాతెల్ నుంచి ఫోన్ చేశాడు. మేనల్లుడంటే మా ఆడపడుచు కొడుకు. వచ్చే నెల వాడి పెళ్లి. హాలు వాళ్లు పంపిన ఈమెయిల్‌లో ఆయుధాలు తేకూడదని రాసుందట. "అత్తా, డాడీ కత్తి నేను పెట్టుకోవాలి కదా. బ్లేడ్ లేకుండా హ్యాండిల్ ఒక్కటే ఉన్న డమ్మీ దొరుకుతుంది, అది సాక్స్‌లో పెట్టుకో, ఎవరికీ తెలీదు అని మేనేజర్ చెప్తోంది. అమ్మమ్మ ఉంటే ఏం చెప్తుంది?" అని అడిగాడు. వాడి అమ్మమ్మ అంటే మా అత్తగారు. ఆవిడ ఉంటే ఏం చెప్పేదో నాకు బాగా తెలుసు. కాకపోతే అది పెళ్లికొడుకుతో అనాల్సిన మాట కాదు. మళ్లీ చేస్తానని ఫోన్ పెట్టేసి, టీ పెట్టుకుని, కిటికీ దగ్గర కూర్చున్నాను. టీ చల్లారిపోయింది గానీ నేను లేవలేదు.

ఎనభైల మొదట్లో మేం పిస్కాటవే అనే ఊళ్లో రెండు గదుల అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్లం. మా ఆడపడుచు అక్కడి యూనివర్సిటీలోనే చదువుకుంటూ మాతోనే ఉండేది. ఇప్పుడు పక్కూరు ఐసెలిన్ వెళ్తే కొబ్బరికాయ దగ్గర్నుంచి కంచిపట్టు దాకా కళ్ల ముందు పెడతారు గానీ అప్పట్లో కరివేపాకు రెబ్బ దొరికితే పండగ. బొట్టు పెట్టుకుని రోడ్డు మీద నడుస్తుంటే కార్లోంచి ఎవడో ఒకడు ఏదో ఒకటి అరిచి పోయేవాడు. మా ఆయన "బజారుకెళ్లేటప్పుడు తీసెయ్యరాదూ, ఎందుకొచ్చిన గొడవ" అనేవారు. నేను ఆ మాట విన్న రోజున కాస్త పెద్ద బొట్టు పెట్టుకునేదాన్ని. అలా మా కాపురం సాగుతుండగా మా ఆడపడుచు తన ల్యాబ్‌లో పనిచేసే అమెరికన్ కుర్రాణ్ణి పెళ్లి చేసుకుంటానంది. మా మామగారు అప్పటికే పోయారు. కూతురి పెళ్లి కోసం మా అత్తగారు ఒక్కతే, పచ్చళ్ల డబ్బాలు వేసుకుని విమానం దిగింది.

ఆవిడకి అబ్బాయి నచ్చాడు. తల వంచి నమస్కారం పెట్టాడని, ముద్దపప్పు మారు వడ్డించుకున్నాడని మురిసిపోయింది. చిక్కల్లా బట్టల దగ్గరొచ్చింది. ఆ కుర్రాడి తాతగారు స్కాట్లండ్ నుంచి రాళ్లు చెక్కే పనికి ఈ దేశం వచ్చారు. వాళ్లింట్లో పెళ్లికొడుకు కిల్టే కట్టుకోవాలి, మోకాళ్ల దాకా కుచ్చిళ్లతో ఉండే గళ్ల బట్ట. ఫోటో చూసి మా అత్తగారు కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చూసింది. "మగవాడు గౌను వేసుకుని పీటల మీద కూర్చుంటాడా?" అంది. "నాన్న పంచె మోకాళ్ల పైకి ఎగ్గట్టుకుని ఊరంతా తిరగలేదా?" అంది కూతురు. "పంచె పంచే, గౌను గౌనే. ఆ గౌనుతో వస్తే నేను అక్షింతలు వెయ్యను. అయినా నేను ముందుకి రాకూడనిదాన్ని, నా అక్షింతలతో మీకేం పని" అనేసి ఆవిడ వంటింట్లోకి వెళ్లిపోయింది. ఆ రెండో మాటకి జవాబుండదని ఆవిడకి తెలుసు. భర్త పోయిన మనిషి శుభకార్యంలో వెనకే నిలబడాలి, అది ఎవరూ ప్రశ్నించని లెక్క. మా ఆడపడుచు ఆ రాత్రి నా పక్కన పడుకుని ఏడ్చింది. "వదినా, చీరలూ నగలూ ఏమీ వద్దు. అమ్మ చెయ్యి నా తల మీద పడకపోతే అది పెళ్లిలా ఉండదు" అంది. అదొక్కటే అడిగింది పిచ్చిపిల్ల.

పెళ్లికి కొద్ది రోజుల ముందు పెళ్లికొడుకు ఆ వేషం వేసుకుని మాకు చూపించడానికి వచ్చాడు. మా అత్తగారు గోడవైపు తిరిగి కూర్చుని కందిపప్పులో రాళ్లు ఏరుతోంది. అమెరికా కందిపప్పులో రాళ్లుండవు, అది వేరే సంగతి. అతను గుమ్మంలోకి రాగానే వంగి, కుడికాలి మేజోడులోంచి చిన్న కత్తి తీసి, ఒరతో సహా మా బల్ల మీద పెట్టాడు. నల్ల పిడి, జానెడు కూడా లేదు. వాళ్ల భాషలో స్కీన్ డూ అంటారట, తాతగారిదట. పూర్వం వాళ్ల మగవాళ్లు దాన్ని బట్టల్లో దాచుకుని తిరిగేవాళ్లట. స్నేహితుల ఇంటికెళ్తే మాత్రం తీసి పైకి కనబడేలా పెట్టుకోవాలి, నీ దగ్గర దాచిందేమీ లేదని చెప్పడానికి. అందుకే ఇప్పటికీ పిడి మేజోడు అంచు పైన కనిపించాలి తప్ప పూర్తిగా లోపలికి తొయ్యకూడదు. నేను ఇదంతా తెలుగులో చెప్తుంటే పప్పు చప్పుడు ఆగిపోయింది.

మా అత్తగారు ఇటు తిరిగింది. "పెళ్లికి కత్తి పట్టుకుంటాడా?" అంది. పట్టుకుంటాడన్నాను. విషయమేమిటంటే మా వాళ్లలోనూ పెళ్లికొడుకు చేతిలో బాకు ఉండాలి. పెళ్లికొడుకుని చేసినప్పటి నుంచి తాళి కట్టేదాకా దాన్ని వదలకూడదు. దిష్టి తగలకుండా దాని మొనకి నిమ్మకాయ గుచ్చుతారు. మా మామగారు పట్టుకున్న బాకు ఊళ్లో భోషాణంలో ఉండిపోయిందని, ఇక్కడ దేంతో సరిపెట్టాలా అని ఆవిడ లోలోపల మథనపడుతోందట. కొడుకుతో గానీ నాతో గానీ ఒక్క ముక్క అనలేదు. లేచి వచ్చి ఆ కత్తి చేతిలోకి తీసుకుంది, ఒర తీసి మొన చూసింది. "చిన్నదే. అయినా ఇనుమే కదా. నిమ్మకాయ నిలుస్తుంది" అంది. ఆ పూట నుంచి అతను అల్లుడైపోయాడు. "మరి అక్షింతలమ్మా?" అని కూతురు ఆశగా అడిగితే, "కత్తి సంగతి కత్తిది, గౌను సంగతి గౌనుది" అని మళ్లీ పప్పు ముందు కూర్చుంది.

ఇక మా ఆయన భయం మొదలైంది. గ్రీన్‌కార్డు చేతికొచ్చిన మనిషి రోడ్డు దాటడానికి కూడా అటూ ఇటూ పదిసార్లు చూసే రోజులవి. తన ఆఫీసులో తెలిసిన లాయర్ని అడిగి వచ్చారు. కత్తుల చట్టం రాష్ట్రానికో రకంగా ఉంటుందట. పొడుగు ఒక్కటే చూడరట. ఎక్కడికి తీసుకెళ్తున్నావు, ఎందుకు తీసుకెళ్తున్నావు, పైకి కనిపిస్తోందా, దాచావా అన్నీ అడుగుతారట. దార్లో ఒర వేసి, గుడ్డ చుట్టి డిక్కీలో పెట్టుకోవాలి, పెళ్లి దగ్గరే తగిలించుకోవాలి. కోర్టుకీ స్కూలుకీ ఆ మేజోడుతో వెళ్లకూడదు. మందు పుచ్చుకునే వేళకి తీసి లోపల పెట్టెయ్యాలి. చట్టం ఎలా ఉన్నా హాలు యజమాని వద్దంటే మాత్రం ఎదురు చెప్పడానికి లేదు. ఆయన ఇదంతా చదివి వినిపిస్తుంటే మా అత్తగారు శ్రద్ధగా విని, "ఎందుకు తీసుకెళ్తున్నావని అడుగుతారా? పెళ్లికొడుకు పెళ్లికి కాక కత్తి ఇంకెప్పుడు పట్టుకెళ్తాడట?" అంది. ఆ లాయరు చెప్పిన సారాంశం కూడా ఇంచుమించు అదే.

పెళ్లి రోజు ఎండ ఫెళ్లుమని కాస్తోంది. అద్దెకు తీసుకున్న హాలు గుమ్మం దగ్గర యూనిఫాం వేసుకున్న పెద్దాయన ఒకడు నిలబడ్డాడు. పెళ్లికొడుకు కత్తి మేజోడులోకి తోసేసుకుని గుట్టుగా లోపలికి నడిచి ఉంటే ఎవరూ చూసేవాళ్లు కాదు. కానీ స్నేహితుల గడప దగ్గర దాచకూడదన్న నియమం అతనిది. కత్తికి నిమ్మకాయ గుచ్చకుండా గడప దాటనివ్వకూడదన్న నియమం మా అత్తగారిది. రెండు నియమాలూ కలిసి సరిగ్గా ఆ గార్డు ముక్కు కింద ఒర తీయించాయి. మా అత్తగారు పచ్చటి నిమ్మకాయ మొనకి గుచ్చి అల్లుడి చేతికిస్తోంది. "సర్, బ్లేడ్ లోపలికి రాదు" అన్నాడు గార్డు. అరిచి చెప్పలేదు, మర్యాదగానే చెప్పాడు. అదే ఇంకా ఒళ్లు మండించింది నాకు.

పెళ్లికొడుకు మొహం ఎర్రబడింది. "ఇట్స్ ఓకే, కార్లో పెట్టేస్తాను" అన్నాడు. మా ఆయన అప్పటికే డిక్కీ తాళాలు తీశారు. మా అత్తగారు అల్లుడి మణికట్టు పట్టుకుని ఆపి, తెరిచిన తలుపులోంచి లోపలికి చెయ్యి చూపించింది. బల్ల మీద మూడంతస్తుల కేకు, దాని పక్కన మోచెయ్యంత కత్తి. "మరి అదేమిటో అడుగు" అంది నాతో. అడిగాను. "అది హాలుది మేడమ్" అన్నాడాయన. నేను తెలుగు చేసి చెప్పేసరికి ఆవిడ కొడుకు వైపు తిరిగింది. "విన్నావా? వాళ్లదైతే కేకు కోసేది, మనదైతే మనుషుల్ని కోసేది."

"అమ్మా, ముహూర్తం దాటిపోతుంది. ఒక్క గంట కార్లో పెడితే ఏం పోయింది?"

"ఇవాళ కత్తి పెడతావు. రేపు నీ పెళ్లాం బొట్టు కూడా కార్లోనే పెట్టమంటావు. ఎల్లుండి నన్ను. ఎన్నని పెడతావురా? కారు సరిపోతుందా?"

మా ఆయన తాళాల గుత్తి మళ్లీ జేబులో వేసుకున్నారు. ఆ క్షణంలో మా అత్తగారి కాళ్లకి దణ్ణం పెట్టాలనిపించింది నాకు. నా నుదుటి బొట్టుని ఆవిడ ఇంతగా గమనిస్తోందని అనుకోలేదు. ఆవిడ మాత్రం తాపీగా, "ఈ రూలు గుమ్మం లోపలికేనా, బయటికి కూడానా అడుగు" అంది. బిల్డింగ్ లోపలికే, పార్కింగ్ లాట్ సంగతి తనకి తెలీదన్నాడు గార్డు. "అయితే పీటలు బయటికి తెమ్మను."

అలా మా ఆడపడుచు పెళ్లి పార్కింగ్ లాట్‌లో, తెల్లగీతల మధ్య రెండు కార్ల జాగాలో జరిగింది. సన్నాయి క్యాసెట్ ఎవరిదో స్టేషన్ వ్యాగన్‌లో పెట్టి నాలుగు తలుపులూ బార్లా తెరిచారు. పెళ్లికొడుకు తల్లి టోపీ ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో మడతకుర్చీలు మోసింది. పురోహితులవారు ఎండకి కళ్లు చికిలించుకుంటూ, "తారు మీద ఇదే మొదటిసారి" అంటూనే మంత్రం ఎక్కడా తగ్గించలేదు. నేనూ మా ఆయనా పీటల మీద కూర్చుని కన్యాదానం చేశాం. పెళ్లికొడుకు నిమ్మకాయ గుచ్చిన కత్తి ఎడంచేత్తో నిటారుగా పట్టుకుని, కిల్టు సర్దుకుంటూ, చెప్పినట్టల్లా చేశాడు. జీలకర్ర బెల్లం పెట్టి, తాళి కట్టాక తలంబ్రాలు ఎగిరి కార్ల అద్దాల మీద పడ్డాయి. రోడ్డున పోయేవాళ్లు ఆగి చూశారు. చూడనీ అనుకున్నాను.

తలంబ్రాలయ్యాక పురోహితులవారు పెద్దల్ని అక్షింతలు వెయ్యమన్నారు. ముత్తయిదువలు వరసగా వేస్తున్నారు. మా అత్తగారు వ్యాగన్ వెనక నిలబడి ఉంది. మా ఆడపడుచు తల ఎత్తలేదు గానీ లేవనూ లేదు. "అమ్మ రావాలి" అంది. ఎవరో ఆంటీ గొంతు తగ్గించి, "పిన్నిగారు ముందుకి రాకూడదు కదమ్మా" అంది. తగ్గించినా అందరికీ వినబడింది. మా అత్తగారు వ్యాగన్ పక్కనుంచి ఇవతలకి వచ్చింది. "కత్తి లోపలికి రాకూడదన్నారు, బయటికొచ్చి పెళ్లి చేశాం. ఇప్పుడు నేను ముందుకి రాకూడదని ఎవరంటారో నా మొహం చూసి అనండి" అంది. ఆవిడ వచ్చి గుప్పెడు అక్షింతలు కూతురి నెత్తిన వేసి, చెయ్యి అక్కడే ఉంచేసింది. తరువాత అల్లుడి తల మీద వేసింది. వేసి, వంగి, కిల్టు కుచ్చిళ్లు రెండు చేతులతో సరిచేసింది. "గౌను నలిగింది నాయనా" అంది. నేను ఏడ్చాను. పెళ్లికొడుకు నాకంటే ఎక్కువ ఏడ్చాడు.

ఆ తరువాత నిమ్మకాయ తీసేసి, కత్తి ఒరలో పెట్టి, డిక్కీలో వేసి తాళం పెట్టి, అందరం లోపలికెళ్లి భోజనాలు చేశాం. కేకు హాలు వాళ్ల కత్తితోనే కోశారు. గార్డు కూడా పులిహోర తిన్నాడు, మా అత్తగారే దగ్గరుండి వడ్డించింది.

ఇవాళ సాయంత్రం మేనల్లుడికి మళ్లీ ఫోన్ చేశాను. "డమ్మీ వద్దు. మీ డాడీ కత్తి చెక్ ఇన్ చేసే సూట్‌కేస్‌లోనే పెట్టమను, హ్యాండ్‌బ్యాగ్‌లో పెడితే ఎయిర్‌పోర్టులో లాగేసుకుంటారు" అన్నాను. "కానీ హాలు రూల్ అత్తా?" అన్నాడు. "రూలు గుమ్మం లోపలికేనా, బయటికి కూడానా అడిగావా? పార్కింగ్ లాట్ ఉందా?" అన్నాను. అడుగుతానన్నాడు, లాట్ మాత్రం చాలా పెద్దదన్నాడు. "అయితే నిమ్మకాయ నేను తెస్తాను" అన్నాను.

అన్నట్టు ఆ కత్తి బ్లేడు మీద, మొన దగ్గర ఒక నల్ల మచ్చ ఉంది. పాతకాలపు ఇనుము, పెళ్లంతసేపూ నిమ్మరసంలో నానింది. మా ఆడపడుచు మొగుడు లోహాల మీదే పరిశోధన చేసిన మనిషి, తల్చుకుంటే నిమిషంలో తుడిచెయ్యగలడు, ఎప్పుడూ తుడవలేదు. ఆ హాలు ఇప్పుడు లేదు, ఆ వ్యాగన్ లేదు, మా అత్తగారు లేదు. కాలం ఇంతమందిని పట్టుకుపోయింది గానీ, ఆవిడ పెట్టిన ఆ మచ్చ జోలికి మాత్రం ఇంతవరకూ రాలేదు.